రీడింగ్‌లో రెండుసార్లు ఆగిపోయాను, నాన్నకి ఎలా చెప్పను?

ఒడిశాలోని గజపతి జిల్లాకి చెందిన ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వయసు ఇరవై ఏడు. ఇల్లు పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పదో తరగతి దాకా చదివింది ఒడియా మీడియంలో. బరంపురంలో బీఎస్సీ నర్సింగ్ చేసి, అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు. ఇంగ్లండు వెళ్లి నర్సుగా స్థిరపడాలని కోరిక. అందుకోసం, ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్ష రెండుసార్లు రాశారు. రెండోసారి లిజనింగ్‌లో 7, స్పీకింగ్‌లో 7, రైటింగ్‌లో 6.5 వచ్చాయి. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి ఆ మూడూ సరిపోతాయి. రీడింగ్‌లో మాత్రం మొదటిసారి 5.5, రెండోసారి 6. కావలసింది 7.

“నాలుగు నెలలుగా డ్యూటీ నుంచి వచ్చి రోజూ రాత్రి ఒక ఫుల్ టెస్ట్ రాస్తున్నానండి. జవాబుల కీ చూసి నలభైకి మార్కులు వేసుకుంటాను. 24, 25, 23, 26. ఏటి చేసినా అక్కడక్కడే తిరుగుతున్నాను. తెలియని మాట కనపడితే ఇంగ్లీషు-ఒడియా డిక్షనరీలో చూసుకుంటాను. నోట్‌బుక్కులు మూడు నిండిపోయాయి, మార్కులు మాత్రం కదలవు” అని రాశారు. విశాఖపట్నంలో రెండు నెలలు కోచింగ్‌కి వెళితే, అక్కడి మాస్టారు ఒకాయన అందరి ముందూ “ఒడియా మీడియం వాళ్లకి రీడింగ్ రాదమ్మా, ఊరికే డబ్బు తగలెయ్యకు” అన్నారట. అప్పటినుంచి పాసేజ్ చూడగానే గుండె దడ.

ఇంకా ఉంది. నాన్నగారిది చిన్న కిరాణా కొట్టు. కోచింగ్‌కీ ఫీజులకీ అమ్మ గొలుసు తాకట్టు పెట్టారు. రెండు పరీక్షలకి ఫీజులే ముప్పై వేలు దాటాయి. రెండోసారి ఫలితం వచ్చి నెల దాటినా, “ఇంకా రాలేదు నాన్నా” అని చెబుతూ వస్తున్నారు. ఈలోగా టెక్కలి నుంచి ఒక సంబంధం వచ్చింది. వెళ్లేదుంటే ఎప్పుడు వెళుతుందో చెప్పండి, లేకపోతే ఆ మాట మానేయండి అంటున్నారు వాళ్లు. మూడోసారి పరీక్షకి ఆరు వారాలే ఉంది. రాయాలా, మానాలా, వేరే పరీక్షకి మారాలా, అసలు నాకు చేతనవుతుందా అన్నది ఆమె ప్రశ్న. ఉత్తరం చివర, తప్పు పోయిన ఐదు ప్రశ్నలు కూడా కాపీ చేసి పంపారు.

అమ్మా, మీరు ఆ ఐదు ప్రశ్నలు పంపడం ఎంత మంచి పని అయిందో చెప్పలేను. ఉత్తరంలోని మిగతా పేజీలన్నీ చదివాక మీ మీద జాలి వేసింది. ఆ ఐదూ చదివాక మాత్రం ధైర్యం వచ్చింది. అక్కడికే వస్తాను. ముందు ఆ మాస్టారి మాట తీసి పక్కన పెట్టాలి.

లిజనింగ్‌లో 7 వచ్చిన మనిషికి ఇంగ్లీషు రాదనడం కుదరదు. లిజనింగ్‌లో వాక్యం ఒక్కసారే వినపడుతుంది, వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఉండదు. అక్కడ మీరు నిలబడ్డారు. మీరు చదివిన మీడియమే అడ్డం అయితే అది అక్కడా అడ్డం పడాలి కదా. ఈ సరిహద్దు ఊళ్లలో నేను చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పాను. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మ్యాపు మీద గీత పడింది గానీ ఇళ్లలో మాట మారలేదు. మీలాంటి పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు నెట్టుకొచ్చారు. మూడు లిపులు చదవగలిగిన వాళ్లని చదవడం రాదనడం నాకు బాధగా ఉంటుంది. మీ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా చేసిన గిడుగు రామమూర్తి గారు, పుస్తకాలే లేని సవర గిరిజనుల భాషని వాళ్ల నోటి నుంచి విని నేర్చుకుని, దానికి నిఘంటువు రాశారు. పెద్దయ్యాక, ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకున్నారు. ఏ మీడియం నుంచి వచ్చారన్నది కాదు, ఎలా నేర్చుకుంటున్నారన్నదే చూడాలి.

ఇప్పుడు లెక్క. రీడింగ్‌లో మొత్తం 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, మూడు పాసేజ్‌లు. 23 నుంచి 26 సరైతే సుమారుగా 6 బ్యాండు, అంటే తుది మార్కు 6. 30 దగ్గర 7 వస్తుంది. అంటే మీకు కావలసింది ఇంకో ఐదారు ప్రశ్నలు, పాసేజ్‌కి రెండు చొప్పున. మీరు మాత్రం ఉత్తరం అంతా “నాకు రీడింగ్ రాదు” అనే రాశారు. నలభైలో ఇరవై ఐదు వస్తున్న మనిషి అలా అనుకోకూడదు. ఏ ఆరు పోతున్నాయో వెతుక్కోవాలి.

మీరు పంపిన ఐదింటిలో మొదటిది నిద్ర గురించిన పాసేజ్. ఇచ్చిన వాక్యం పాసేజ్ ప్రకారం నిజమా (ట్రూ), తప్పా (ఫాల్స్), అందులో ఆ సంగతే లేదా (నాట్ గివెన్) చెప్పాలి. ప్రశ్నలో వాక్యం: రాత్రి షిఫ్టులు చేసేవాళ్లకి పగటి నిద్ర సరిపోదు. మీరు ట్రూ పెట్టారు. కీలో నాట్ గివెన్. పక్కన మీరే రాశారు: “ఇది నిజమే కదండీ, నాకంటే ఎవరికి తెలుసు?” రెండోది చేతులు కడుక్కోవడం గురించి. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కాన్పు వార్డులో చేతులు క్లోరిన్ ద్రావణంతో కడిగించడం, మరణాలు తగ్గడం. ప్రశ్నలో: తోటి డాక్టర్లు ఆయన మాటని వెంటనే ఒప్పుకున్నారు. మీరు ఫాల్స్ పెట్టారు. ఎందుకంటే ఆయన్ని ఎవరూ నమ్మలేదని నర్సింగ్ కాలేజీలో చదువుకున్నారు. కానీ మీరు కాపీ చేసిన ఆ పేరాలో తోటి డాక్టర్ల ఊసే లేదు. కాబట్టి అదీ నాట్ గివెనే.

చూశారా? ఈ రెండూ మీకు తెలియక పోలేదు, తెలిసినందువల్ల పోయాయి. మీకు తెలిసిన నిజాన్ని పేజీలోకి మీరే తీసుకెళ్లారు.

నర్సింగ్‌లో మొదటి సంవత్సరంలోనే మీకు ఒక మాట చెప్పి ఉంటారు: చార్టులో రాయకపోతే చేయనట్టే. రాత్రి రెండు గంటలకి పేషెంటుకి పారాసెటమాల్ ఇచ్చే ఉంటారని మీకు గట్టి నమ్మకం ఉందనుకోండి. నైట్ డ్యూటీ అమ్మాయి జాగ్రత్తగా ఉండే మనిషి, మరచిపోదు. అయినా చార్టులో లేకపోతే పొద్దున వచ్చిన మీరు ‘ఇచ్చారు’ అని రాయరు. ‘ఇవ్వలేదు’ అనీ రాయరు. ‘రికార్డులో లేదు’ అంటారు. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ అంటే ఈ మూడే. ఇచ్చారని రాసి ఉంటే ట్రూ. డాక్టరు ఆపమన్నారు, ఇవ్వలేదు అని రాసి ఉంటే ఫాల్స్. ఏమీ రాసి లేకపోతే నాట్ గివెన్. వార్డులో రోజూ తప్పు లేకుండా చేస్తున్న పనే ఇది. పరీక్ష హాల్లో కూర్చోగానే మీరు నర్సు సంగతి మరచిపోయి స్టూడెంటు అయిపోతున్నారు. అక్కడ తెలిసినదంతా చెప్పేయాలనిపిస్తుంది.

మన ఊరి విషయంతో ఒకసారి చేసి చూద్దాం. ఈ పేరా చదవండి: “నౌపడ నుంచి పర్లాకిమిడికి నారోగేజ్ రైలు 1900లో మొదలైంది. పర్లాకిమిడి రాజావారు దీన్ని వేయించారు. తరవాత 1931 నాటికి లైను గుణుపురం దాకా వెళ్లింది. 2011లో గుణుపురానికి బ్రాడ్‌గేజ్ రైలు వచ్చింది.” ఇప్పుడు మూడు వాక్యాలు. ‘రైలు పర్లాకిమిడికి వచ్చిన తరవాతే గుణుపురం చేరింది.’ ట్రూ. ‘ఈ లైను మొదటినుంచీ బ్రాడ్‌గేజే.’ పేరా దీన్ని కాదంటోంది, ఫాల్స్. ‘ఈ రైలు వల్ల ఇక్కడి జనానికి ప్రయాణం సులువైంది.’ మీ తాతగారు ఆ చిన్న రైలెక్కి సంతకి వెళ్లి ఉండొచ్చు, మీ ఇంట్లో ఆ కథలు చెప్పుకుని ఉండొచ్చు. అయినా పేరాలో లేదు. నాట్ గివెన్. ఇక్కడ ట్రూ పెట్టాలని చెయ్యి లాగుతుంది చూడండి, ఆ లాగడాన్నే మీరు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మీకు బాగా తెలిసిన విషయం పాసేజ్‌గా వచ్చినప్పుడు, ముఖ్యంగా ఆరోగ్యం గురించి వచ్చినప్పుడు, సంతోషపడకుండా ఇంకాస్త జాగ్రత్త పడండి.

మిగతా మూడు తప్పులు త్వరగా చెబుతాను. ఒకదానిలో పాసేజ్ ‘చాలామంది రోగులు’ అంది, ప్రశ్న ‘రోగులందరూ’ అంది. మీరు ట్రూ అన్నారు. ఆల్, ఓన్లీ, ఆల్వేస్, నెవర్, మోస్ట్, సమ్: ప్రశ్నలో ఈ చిన్న మాటలు కనపడగానే పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టండి. ఇంకోదానిలో ‘రెండు మాటలకి మించకూడదు’ అని పైన ఉంటే మూడు మాటలు రాశారు. జవాబు తెలిసి కూడా మార్కు పోయింది. ఐదోదానిలో పాసేజ్‌లో ‘డిక్లైన్డ్’ అని ఉంటే ప్రశ్నలో ‘రిఫ్యూజ్డ్’ అని మార్చారు. రెండిటికీ అర్థం ‘వద్దన్నారు’ అనే. మీరు ‘రిఫ్యూజ్డ్’ అనే మాటకోసం పేజీ అంతా వెతికి, దొరక్క, నాట్ గివెన్ పెట్టేశారు. ఈ పరీక్షలో ప్రశ్న వేసేవాళ్లు కావాలనే మాట మారుస్తారు. అందుకే మాటని వెతక్కండి, విషయాన్ని వెతకండి. పేర్లు, సంవత్సరాలు, అంకెలు సాధారణంగా మారవు కాబట్టి వాటిని పట్టుకుని చోటు కనిపెట్టవచ్చు. ట్రూ-ఫాల్స్ ప్రశ్నలు పాసేజ్‌లో వచ్చే వరసలోనే వస్తాయి కాబట్టి నాలుగో ప్రశ్న జవాబు మూడోదాని కింద ఎక్కడో ఉంటుంది. పేరాలకి హెడ్డింగులు కలిపే ప్రశ్నకి ఆ వరస ఉండదు. అది చివరికి ఉంచుకోండి.

ఇక మీ చదివే పద్ధతి. తెలియని ప్రతి మాటనీ ఒడియాలో చూసి, మనసులో తెలుగులో అనుకుని, మళ్లీ ఇంగ్లీషు వాక్యానికి వస్తున్నారు. అలా చేస్తే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతారు. తెలుగులోకి తెచ్చుకోవద్దని నేను అనను. మాట మాటకీ కాకుండా పేరాకి ఒకసారి తెచ్చుకోండి. ఒక పేరా ఆగకుండా చదివి, పుస్తకం మీంచి తల ఎత్తి, ఫోనులో మీ అమ్మకి చెప్పినట్టు ఒక్క వాక్యం తెలుగులో చెప్పుకోండి: ‘చేతులు కడిగితే బాలింతలు చనిపోవడం తగ్గిందని ఒక డాక్టరు కనిపెట్టాడంట.’ అంతే. ఆ ఒక్క వాక్యం వస్తే పేరా అర్థమైనట్టే, అందులో నాలుగు మాటలు తెలియకపోయినా సరే. హెడ్డింగుల ప్రశ్నకి ఆ వాక్యమే జవాబు చూపిస్తుంది.

రోజూ రాత్రి ఫుల్ టెస్ట్ రాయడం ఈరోజు నుంచే మానేయండి, అమ్మా. ఈ ఉత్తరంలో నేను ఖచ్చితంగా చెప్పే మాట ఇదొక్కటే. వార్డులో అంతసేపు నిలబడి వచ్చిన కళ్లతో పరీక్ష రాస్తే మీ ఇంగ్లీషు కాదు, మీ అలసట తెలుస్తుంది. పైగా కీ చూసి మార్కు వేసుకుని పడుకుంటే ఆ తప్పు రేపటికి అలాగే మిగిలిపోతుంది. బీపీ చూసి అంకె రాసి వెళ్లిపోతే రోగం తగ్గదు కదా. దాని బదులు వారానికి నాలుగు రోజులు, డ్యూటీకి వెళ్లేముందు, ఒకే ఒక్క పాసేజ్ తీసుకోండి. ఇరవై నిమిషాలు గడియారం పెట్టి రాయండి. ఆ తరవాత అరగంటో, ముప్పావుగంటో తప్పుపోయిన వాటి మీదే కూర్చోండి. జవాబు పాసేజ్‌లో ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూపించగలిగేదాకా వదలొద్దు. నాట్ గివెన్ అయితే ‘ఎక్కడా లేదు’ అని మీకు మీరు నిరూపించుకోవాలి. తప్పు ఎందుకు పోయిందో నాలుగో నోట్‌బుక్‌లో ఒక్క లైనులో రాయండి: తెలిసింది కలిపాను, చిన్న మాట చూడలేదు, మాట మారితే గుర్తుపట్టలేదు, మాటల లెక్క దాటాను, టైము లేక గుడ్డిగా పెట్టాను. రెండు వారాల్లో ఏ కారణం ఎన్నిసార్లు వచ్చిందో మీకే కనపడుతుంది.

ఇంకో పని చేయండి. నా విద్యార్థులకి ఇది బాగా పనిచేసింది. వార్డులో మందు పెట్టెల్లో మడతపెట్టిన కాగితం ఉంటుంది కదా, ఆ ఇంగ్లీషు కూడా గట్టిదే. ఒక చిన్న పేరా తీసుకుని మీరే మూడు వాక్యాలు రాయండి: ఒకటి ట్రూ అయ్యేది, ఒకటి ఫాల్స్ అయ్యేది, ఒకటి నర్సుగా మీకు నిజమని తెలిసినా ఆ కాగితంలో లేనిది. మూడోది రాయడమే కష్టంగా ఉంటుంది. పది రోజులు రాస్తే ప్రశ్న వేసేవాళ్లు ఎక్కడ వల వేస్తారో మీకు తెలిసిపోతుంది.

పరీక్ష రోజు సంగతి కొంచెం. తప్పు జవాబుకి మార్కు కోత లేదు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. మూడో పాసేజ్ సాధారణంగా కష్టంగా ఉంటుంది. మూడింటికీ సమానంగా ఇరవై నిమిషాలు కాకుండా మొదటిదాన్ని పదిహేనులో ముగించి ఆ ఐదు నిమిషాలు చివరిదానికి దాచుకోండి. కాగితం మీద రాసేటప్పుడు జవాబులు షీటులోకి ఎక్కించడానికి రీడింగ్‌లో విడిగా టైము ఇవ్వరు, ఆ గంటలోనే అయిపోవాలి. కంప్యూటర్ మీద రాయబోతుంటే ఫోనులో కాకుండా కంప్యూటర్ మీదే ప్రాక్టీసు చేయండి.

ఆరు వారాల్లో రాయాలా వద్దా అన్నదానికి నేను తీర్పు చెప్పలేను గానీ, మీరే తెలుసుకునే దారి ఉంది. వచ్చే వీక్లీ ఆఫ్ రోజు, పొద్దున్నే, బాగా నిద్రపోయి లేచాక, మీరు చూడని ఒక టెస్టు తీసి గడియారం లేకుండా రాయండి. ఎంతసేపైనా సరే. అప్పుడు 33 దాటితే మీకు చదవడం వచ్చు, వేగమే తక్కువ. నిద్రా, పద్ధతీ సర్దుకుంటే ఆరు వారాల్లో వేగం పెంచుకోవచ్చు, అనుకున్న తేదీకే రాయవచ్చు. టైము ఎంత ఉన్నా 26 దగ్గరే ఆగితే, పైన చెప్పిన చదివే అలవాట్లు మారాలి. అవి బాగా పాతుకున్నవి కాబట్టి ఆరు వారాలు చాలకపోవచ్చు. అలా అయితే తేదీ వెనక్కి జరుపుకోవడానికి ఎంత ఖర్చవుతుందో, గడువు ఏమిటో పరీక్ష బుక్ చేసుకున్న చోటే ఈ వారంలో అడగండి. మూడోసారి ఫీజు ఊరికే పోగొట్టుకోవడం కంటే రెండు నెలలు ఆగడం నయం. దానికి మూల్యం ఏమిటంటే, టెక్కలి వాళ్లకి చెప్పే జవాబు ఇంకా ఆలస్యమవుతుంది. ఆ విషయానికి వస్తాను.

ఒక నియమం మీకు తెలుసో లేదో. ఇంగ్లండు నర్సింగ్ కౌన్సిల్ వాళ్లు 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల మార్కులు కలిపి తీసుకుంటారు. కానీ ఆ రెండింటిలో దేనిలోనూ రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్ 6.5 కంటే, రైటింగ్ 6 కంటే తగ్గకూడదు. మీకు రెండోసారి రీడింగ్ 6 కాబట్టి ఆ పరీక్షని కలపడం కుదరదు. అయితే మూడోసారి రీడింగ్‌లో 6.5 వచ్చినా అది వృథా కాదు. మిగతావి కూడా ఆ హద్దుల్లో ఉంటే దానికి ఇంకోసారి రాసింది కలుపుకోవచ్చు. నియమాలు మారుతుంటాయి, దరఖాస్తు పెట్టేముందు కౌన్సిల్ సొంత వెబ్‌సైట్‌లో చూసుకోండి, ఏజెంట్ చెప్పాడని నమ్మకండి. ఏజెంట్ అంటే గుర్తొచ్చింది. ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడాన్ని ఇంగ్లండులో 1973 నాటి చట్టమే నిషేధించింది. ఎవరైనా అడ్వాన్సు అడిగితే గొలుసు విడిపించే డబ్బు అటు పోనివ్వకండి.

వేరే పరీక్ష అంటే మీ ఉద్దేశం ఓఈటీ అనుకుంటాను. ఆరోగ్య రంగంలో వాళ్లకోసం పెట్టిన పరీక్ష అది, ఆ కౌన్సిల్ దాన్నీ ఒప్పుకుంటుంది. రీడింగ్‌లో బి గ్రేడు కావాలి. మొదటి భాగంలో పదిహేను నిమిషాల్లో 20 ప్రశ్నలు, నాలుగు చిన్న కాగితాల్లోంచి చకచకా వెతికి రాయాలి. మీరు కేస్‌షీటులో వెతికినట్టే ఉంటుంది. తరవాత ఆసుపత్రి నోటీసుల్లాంటివి ఆరు, పెద్ద పాసేజ్‌లు రెండు. మాటలన్నీ మీకు రోజూ వినపడేవే. మీకు అనుకూలమే అనిపిస్తుంది. కానీ రెండు విషయాలు ఆలోచించండి. ఒకటి, ఫీజు ఐఈఎల్‌టీఎస్ కంటే చాలా ఎక్కువ, లిజనింగ్ నుంచి స్పీకింగ్ దాకా అన్నిటికీ కొత్త పద్ధతిలో తయారవ్వాలి. రెండు, తెలిసిన విషయాన్ని పేజీలోకి తెచ్చే అలవాటు పోకుండా అక్కడికి వెళితే, అన్నీ తెలిసిన విషయాలే కాబట్టి ఇంకా ఎక్కువ తప్పులు పోతాయి. అందుకే ముందు నెల రోజులు నేను చెప్పిన ప్రాక్టీసు చేయండి. ఆ తరవాత ఓఈటీ నమూనా టెస్టు ఒకటి రాసి చూసుకుని నిర్ణయించుకోండి.

ఇంగ్లండు మానేస్తే జీవితం ఆగిపోదని కూడా చెప్పాలి. మానేయమని నేను చెప్పడం లేదు, అది మీ కోరిక, మీరే తేల్చుకోవాలి. కానీ ఎయిమ్స్‌ల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి పెట్టే నార్‌సెట్ పరీక్షకి జనరల్ అభ్యర్థులకి వయోపరిమితి 30. మీకు ఇంకా మూడేళ్లుంది. ఒడిశా ప్రభుత్వ నర్సింగ్ పోస్టులకి ఒడియా రావాలి. కోచింగ్‌లో మిమ్మల్ని తలదించుకునేలా చేసిన ఆ ఒడియా మీడియమే అక్కడ మీ బలం. ఐఈఎల్‌టీఎస్‌తో పాటే వీటికీ దరఖాస్తు పెట్టొచ్చు. చదువు రెండు వైపులా చీలుతుంది నిజమే, కానీ ఒకే తలుపు దగ్గర నిలబడ్డామన్న టెన్షన్ తగ్గుతుంది.

టెక్కలి సంబంధం గురించి మీరు రెండు లైన్లే రాశారు. అబ్బాయి గురించి ఒక్క మాట లేదు, వాళ్ల గడువు గురించే రాశారు. ఆ అబ్బాయితో మీరు నేరుగా మాట్లాడారా? పెద్దవాళ్ల ద్వారా కాకుండా, ఇద్దరూ కూర్చుని, ‘నాకు ఇంకో ఆరు నెలలు పట్టొచ్చు, వెళ్లలేకపోవచ్చు కూడా, వెళ్తే నువ్వు వస్తావా’ అని అడగండి. ఆ జవాబు బట్టి ముందుకెళ్లండి. పరీక్ష తేదీని పెళ్లి గడువుకి ముడిపెడితే మాత్రం హాల్లో ప్రతి ప్రశ్న దగ్గరా ఆ గడువే గుర్తొస్తుంది.

చివరికి నాన్నగారి విషయం. ఉత్తరం అంతటిలో మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదే అని నాకు అర్థమైంది. మూడోసారి పాసయ్యాక రెండిటి సంగతీ కలిపి చెప్పేయొచ్చని మీరు అనుకుంటున్నారు. అలా ఆగితే ఆరు వారాలు ఆ అబద్ధం మోస్తూ చదవాలి, పైగా ఈలోగా ఎవరో ఒకరి నోట ఆయనకి తెలిసే ప్రమాదం ఉంది. ఫోనులో చెప్పేస్తే త్వరగా తేలిపోతుంది, కానీ ఆయన ముఖం మీకు కనపడదు, మీ ముఖం ఆయనకి కనపడదు. అక్కతోనో మేనమామతోనో చెప్పిస్తే కోపం కొంత తగ్గొచ్చు, మీరే చెప్పలేదన్న బాధ మిగులుతుంది. నన్నడిగితే, గడియారం లేకుండా ఆ టెస్టు రాసిన తరవాతి ఆఫ్‌కి బస్సెక్కి ఇంటికి వెళ్లండి. మధ్యాహ్నం కొట్టు మూసి భోజనానికి వచ్చే వేళ చూసుకోండి. మార్కుల కాగితం చేతికివ్వండి, నాలుగింటిలో మూడు ఎక్కడ నెగ్గారో కూడా చూపించండి. ఫలితం నెల కిందటే వచ్చిందనీ, భయపడి చెప్పలేదనీ చెప్పండి. గొలుసు ఎప్పటికి విడిపించగలరో మీ జీతంలోంచి నెలకి ఇంతని లెక్క వేసి తీసుకెళ్లండి. ఆయన కోప్పడితే పడనివ్వండి. ఆ నాలుగో నోట్‌బుక్ కూడా సంచిలో పెట్టుకోండి, తప్పులు ఎందుకు పోతున్నాయో రాసిన పేజీలు చూపించండి. రోజూ కొట్లో బాకీల పద్దు రాసే మనిషికి ఆ పేజీలు మీకంటే బాగా అర్థమవుతాయి.